లింక్ ఎర్రగా కనిపిస్తే డేటా పోయినట్టు కాదు

"ఫోల్డర్ మొత్తం పోయిందండీ" అని కంగారుగా ఫోన్ చేసేవాళ్లలో చాలామందికి నిజానికి పోయిందేమీ ఉండదు. లినక్స్‌లో ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండ్ కొడితే సింబాలిక్ లింక్ (వేరేచోట ఉన్న ఫైల్‌కో ఫోల్డర్‌కో దారి చూపే షార్ట్‌కట్ లాంటిది) ఎర్రగా కనిపించి ఉంటుంది, అంతే. అది చూపే చోట టార్గెట్, అంటే అసలు ఫైల్, దొరకలేదని దానర్థం. టెన్షన్ పడకండి. దేన్నీ డిలీట్ చేయకండి.

అపోహ: లింక్‌లో ఇచ్చే రిలేటివ్ పాత్‌ను ('/'తో మొదలవని దారి), నేను కమాండ్ కొట్టిన డైరెక్టరీ నుంచి లెక్కేస్తారు.

వాస్తవం: కానే కాదు. లింక్ ఏ డైరెక్టరీలో కూర్చుందో అక్కడి నుంచే లెక్క. వారానికోసారైనా ఇదే చెప్పాల్సి వస్తోంది. హోమ్ డైరెక్టరీలో ఉండి, లింక్ తయారుచేయడానికి 'ఎల్‌ఎన్ -ఎస్ డేటా/లాగ్ బ్యాకప్/లాగ్' (ముందు టార్గెట్, తర్వాత లింక్) అని కొట్టారనుకోండి. ఎర్రర్ రాదు, ఎందుకంటే టార్గెట్ ఉందో లేదో ఎల్‌ఎన్ చూడదు. మీరిచ్చిన అక్షరాలను ఉన్నదున్నట్టు లింక్‌లో రాసిపెడుతుంది. తెరిచేటప్పుడు కెర్నల్ (లినక్స్ గుండెకాయ) వెతికేది బ్యాకప్/డేటా/లాగ్ కోసం. అది లేదు! ఇవ్వాల్సింది '../డేటా/లాగ్' ('..' అంటే ఒక డైరెక్టరీ పైకి). ఈ లెక్క తలనొప్పి అనిపిస్తే '-ఎస్ఆర్' ఇవ్వండి, అదే చూసుకుంటుంది.

లింక్‌లో ఉండేది వట్టి టెక్స్టే అని నమ్మకం కుదరకపోతే ఎల్‌ఎస్ -ఎల్‌లో సైజు చూడండి. టార్గెట్ /వార్/లాగ్ అయితే 8 బైట్లు. ఇంగ్లిష్‌లో ఆ పాత్‌కి ఎన్ని అక్షరాలో అన్నే.

అపోహ: ఎందుకొచ్చిన గొడవ, అబ్సల్యూట్ పాత్ ('/'తో మొదలయ్యే పూర్తి దారి) ఇచ్చేస్తే సేఫ్.

వాస్తవం: లింక్‌ను పక్కకు జరిపినా పనిచేస్తుంది, నిజమే. కానీ డిస్కును వేరే మెషీన్‌కి తగిలించి అక్కడ ఒక ఫోల్డర్ కింద తెరిస్తే, అంటే మౌంట్ చేస్తే? బూట్ కాని సర్వర్ డిస్కును మా సహోద్యోగి ఒకరు బాగున్న ఇంకో మెషీన్‌లో (రెస్క్యూ మెషీన్) /ఎంఎన్‌టీ కింద మౌంట్ చేసి, అందులో ఒక కాన్ఫిగ్‌ను (సెట్టింగ్స్ ఫైల్‌ను) గంటసేపు సరిచేశారు. ఎన్నిసార్లు రీబూట్ చేసినా సర్వర్ లేవలేదు. లింక్ చివరికి ఎక్కడికి చేరుతుందో చెప్పే రీడ్‌లింక్ -ఎఫ్ నేను కొట్టి చూస్తే, ఆ కాన్ఫిగ్ ఒక అబ్సల్యూట్ లింక్. అది పట్టుకెళ్లింది రెస్క్యూ మెషీన్ సొంత /ఈటీసీకి (సెట్టింగ్స్ ఉండే డైరెక్టరీ). పాపం, ఆయన అంతసేపూ మార్చింది బాగున్న మెషీన్ ఫైల్‌ని. లింకూ టార్గెట్టూ ఉన్న డైరెక్టరీ చెట్టు మొత్తం కలిసి కదిలేచోట రిలేటివే పెట్టండి.

లింక్ మీద ఆర్‌డబ్ల్యూఎక్స్ (చదవడం, రాయడం, నడపడం అనే అనుమతులు) మూడుసార్లు, అంటే అందరికీ ఉన్నట్టు, కనిపిస్తే సెక్యూరిటీ పోయిందనేది వట్టి పుకారు. లినక్స్‌లో చెల్లేది టార్గెట్ పర్మిషన్లే. లింక్‌ను ఆర్‌ఎం (డిలీట్) చేస్తే అసలు ఫైల్ పోదు.

ఎక్కడ తెగిందో తెలియకపోతే 'నేమ్ఐ -ఎల్' కొట్టి పాత్ ఇవ్వండి. ఒక్కో మెట్టూ విడివిడిగా చూపిస్తుంది. తెగిన లింకులన్నీ ఒకేసారి కావాలంటే 'ఫైండ్ . -ఎక్స్‌టైప్ ఎల్'.