‘మంచి జోడీ ఉంటే చెప్పండి డాక్టర్ గారూ’: చిన్న కుక్కల క్రాసింగ్‌పై అపోహలు, వాస్తవాలు

విజయవాడలో అపార్ట్‌మెంట్లు పెరిగేకొద్దీ నా క్లినిక్‌కి వచ్చే కుక్కలు చిన్నవవుతున్నాయి. పొమేరియన్, షిట్జూ, పగ్, ఈమధ్య టాయ్ పూడిల్. కుక్కకి ఏడాది నిండిందో లేదో టీకాకి వచ్చినవాళ్ళు క్రాసింగ్‌కి, అంటే జతకట్టించడానికి, జోడీ గురించి అడుగుతారు. వాళ్ళ నోట వినే మాటలే ఇవి.

అపోహ: ఒక్క కాన్పైనా అయితేనే ఆడకుక్క ఆరోగ్యంగా ఉంటుంది.

దీనికి వైద్యంలో ఆధారం లేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కకి వయసు మీదపడ్డాక అసలు భయం గర్భసంచిలో చీము. హీట్ (ఎదకు రావడం) అయిన నెలకో రెండు నెలలకో కుక్క బిందెలకొద్దీ నీళ్ళు తాగుతుంది, అన్నం మానేస్తుంది. కొన్నిటికి కింద చీము కారుతుంది. కారకుండా లోపలే నిండిపోయేవి ఇంకా ప్రమాదం. స్వీడన్‌లో బీమా ఉన్న కుక్కల లెక్కలు తీస్తే, పదేళ్ళు వచ్చేలోపు దాదాపు నాలుగింట ఒకదానికి ఈ జబ్బు వచ్చినట్టు తేలింది. ఒకసారి పిల్లలు పెట్టినంత మాత్రాన ఇది రాదన్న హామీ ఏమీ లేదు. మొదటి హీట్‌కి ముందే ఆపరేషన్ చేస్తే రొమ్ము గడ్డలు తగ్గుతాయని చాలాకాలంగా చెబుతున్నాం. ఎంతమేరకు తగ్గుతాయన్న దానిమీద ఇప్పుడు వాదన ఉంది, కానీ గర్భసంచే తీసేశాక అందులో చీము పట్టే ప్రశ్న రాదు.

అపోహ: చిన్న కుక్క కదా, కాన్పు తేలిక.

తల్లి చిన్నదైతే పిల్ల తల కూడా చిన్నదవ్వాలని లేదు. పగ్, చివావాల్లో పిల్లల తలలు పెద్దవి, తల్లి కటి ఇరుకు. కడుపులో ఒకటే పిల్ల ఉంటే అది ఇంకా పెరిగి అడ్డం పడుతుంది. అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోయినా, మొదటి పిల్లకంటే ముందే ఆకుపచ్చ ద్రవం కనబడినా రాత్రి పన్నెండైనా సరే బయల్దేరాల్సిందే. చాలాసార్లు అది సిజేరియన్‌తోనే ముగుస్తుంది.

కాన్పు గట్టెక్కాక, రెండు మూడు వారాలకు ఇంకో గండం ఉంది. దాని గురించి ఎవరూ చెప్పరు. ఒక వేసవిలో మొగల్రాజపురం నుంచి ఒకావిడ పొమేరియన్‌ను దుప్పట్లో చుట్టి తెచ్చారు. ఐదు పిల్లల తల్లి. నాలుగు కాళ్ళూ కర్రల్లా బిగుసుకున్నాయి, దవడ టకటకా కొట్టుకుంటోంది, థర్మామీటర్ 106 దాటింది. ‘వణుకుతుంటే చలిజ్వరమనుకుని కప్పామండీ’ అన్నారు. అది చలి కాదు. ఒంట్లో కాల్షియమంతా పాలలోకి పోయి, కండరాలు పట్టేసుకుంటే అలా వణుకుతుంది. ఆ బిగువుకే ఒళ్ళు కాలిపోతుంది. అప్పుడు దుప్పటి కప్పితే వేడి ఇంకా పెరుగుతుంది. స్టెతస్కోప్ గుండె మీద పెట్టి వింటూ, కాల్షియం నరంలోకి చుక్క చుక్కగా ఎక్కించాలి. తొందరపడితే గుండె ఆగుతుంది. కాసేపటికి దవడ వదులైంది, తల ఎత్తి చూసింది. ఆ ఇంట్లోవాళ్ళు కుక్క చూలుతో ఉన్నన్నాళ్ళూ బలానికని కాల్షియం సిరప్ పట్టారట. సరిగ్గా అదే చేయకూడదు. బయటి నుంచి దండిగా అందుతుంటే ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే పని శరీరం తగ్గించేస్తుంది. పాలు పడ్డాక ఒక్కసారిగా అవసరం వస్తే అందుకోలేదు.

అపోహ: పిల్లల్ని తెలిసినవాళ్ళకే ఇస్తాం కాబట్టి కుక్కల సంఖ్య పెరగడంలో మా పాత్ర లేదు.

తెలిసినవాళ్ళకే ఇస్తారు, నిజమే. బర్త్‌డేకి బొమ్మలా ఇచ్చిన పిల్లకి రెండేళ్ళు వస్తాయి. ఆ ఇంట్లో బదిలీయో, పసిబిడ్డో, అద్దె ఇంటి ఓనర్ గొడవో వస్తుంది. కుక్క వాచ్‌మన్‌కి, అక్కణ్ణుంచి వాళ్ళ ఊరికి వెళ్తుంది. పొమేరియన్‌ను నూజివీడు దగ్గర మామిడితోట కాపలాకి పంపినవాళ్ళనూ చూశాను. కాపలా ఏం కాసిందో కోతులనే అడగాలి. ‘రోడ్డు మీద షిట్జూలు గుంపులుగా కనబడవు కదండీ’ అని వాదిస్తారు. కనబడవు, ఎందుకంటే బతకవు. మన ఎండకి ఆ బొచ్చు జడలు కడుతుంది, అడుగున పిడుదులు, వాటితో టిక్ ఫీవర్. ఈలోపు వీధి కుక్కలో బండి చక్రమో పని పూర్తిచేస్తుంది. బతికిన పొమేరియన్లు ఆపరేషన్ లేకుండా వెళ్ళినవే కాబట్టి, ఆ ఊళ్ళో ఉన్నవాటితో కలిసి పిల్లలు పెడతాయి.

క్రాసింగ్ కావాలని వచ్చినవాళ్ళని నేనడిగేది ఒకటే. మూడేళ్ళ తర్వాత ‘ఇది మాకొద్దు’ అని ఫోన్ వస్తే ఆ కుక్కని వెనక్కి తెచ్చుకుంటారా? పన్నెండు, పద్నాలుగేళ్ళు బతికే ప్రాణులు ఐదింటికి మీరు పూచీ పడుతున్నారు. తెచ్చుకుంటామనే బ్రీడర్లూ లేకపోలేదు. వాళ్ళంటే నాకు గౌరవం.

అపోహ: బ్రీడర్లను మూయిస్తే వీధి కుక్కల సమస్య తీరిపోతుంది.

ఇది జంతు ప్రేమికుల వైపు నుంచి వచ్చే అపోహ. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధి కుక్కలు 1.53 కోట్లు. వాటిలో చాలా భాగం వీధి కుక్కలకే పుట్టినవి, మన చెత్తకుప్పల మీద పెరిగినవి. అక్కడ ఆపరేషన్లు, రేబిస్ టీకాలు, చెత్త ఎత్తివేత కలిసి జరగాలి, అది స్థానిక సంస్థల పని. అలాగని మనం తప్పించుకోలేం. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఇంటి కుక్కకి నట్టల మందు, టీకాలు, ఆపరేషన్ యజమాని బాధ్యతే.

అపోహ: ఇంట్లో ఒక్క కుక్కకి చేయించుకుంటే రూల్స్ వర్తించవు.

పిల్లల్ని అమ్మడం కోసం చేయిస్తే మీరూ బ్రీడరే. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ ఉండాలి. 18 నెలలు నిండని ఆడకుక్కని క్రాసింగ్‌కి పెట్టకూడదు. ఏడాదికి ఒకటికి మించి, మొత్తం మీద ఐదుకి మించి కాన్పులు కూడదు. 8 వారాల లోపు పిల్లని అమ్మకూడదు. నలభై ఐదు రోజుల పిల్ల ‘రెడీ’ అని వాట్సాప్‌లో ఫొటో వస్తే లెక్క మీరే వేసుకోండి.

అపోహ: టీకప్ ఒక జాతి.

కాదు, మరీ బుల్లి కుక్కలకి పెట్టిన అమ్మకం పేరు. గుంపులో బక్కపిల్లల్ని ఏరి జతకట్టిస్తే వచ్చేవి. పూట తిండి ఆలస్యమైతే చక్కెర పడిపోయి ఫిట్స్ వస్తాయి. కొన్నిటికి మాడు పూడదు, తలలో నీరు చేరుతుంది.

అపోహ: మాది మగకుక్క, మాకేం బాధ్యత?

ఫీజో, ఒక పిల్లో తీసుకుని చేతులు దులుపుకునేవాళ్ళు పుట్టిన ఐదింటికీ సగం బాధ్యులు. ముందుగా రెండు కుక్కలకీ బ్రూసెల్లా అనే బాక్టీరియాకి రక్తపరీక్ష చేయించాలి. అది మనుషులకీ సోకుతుంది. జననాంగాల్లో కాలీఫ్లవర్ లాంటి రక్తం కారే గడ్డ ఉందేమో చూడాలి, అది కలిసినప్పుడు అంటుకునే కేన్సర్. మోకాలి చిప్ప జారుతోందా, గుండె చప్పుడు సరిగా ఉందా, పగ్ అయితే పది నిమిషాలు నడిచాక ఎలా ఊపిరి తీస్తోంది, ఇవన్నీ చూడాలి. ఇక్కడ కుదరకపోతే గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. ఇంత చెప్పాక కొందరు గొలుసు చేతికి చుట్టుకుంటూ, ‘అయితే ఆపరేషన్‌కి ఎంతవుతుందండీ’ అంటారు.