పొలం కొంటే డాలర్లు రావు: టెక్సాస్ రాంచ్ సబ్సిడీలపై అపోహలు, వాస్తవాలు

టెక్సాస్‌లో పశువుల రాంచ్‌లు నడిపేవాళ్ల ట్యాక్స్ లెక్కలు చూడటం నా పని. ఈమధ్య డాలస్, హ్యూస్టన్ శివార్లైన ఫ్రిస్కో, కేటీ వైపు నుంచి మనవాళ్ల ఫోన్లు ఎక్కువయ్యాయి. "అన్నా, ముప్పై ఎకరాలు చూశాం. నాలుగు ఆవుల్ని వదిలితే గవర్నమెంటే ఏటా డబ్బులిస్తుందట కదా?" ఎవరన్నారని అడిగితే బ్రోకర్ అంటారు, లేదంటే వాట్సాప్ గ్రూపు.

అపోహ: రాంచ్ భూమి కొంటే సబ్సిడీ వస్తుంది.

రాదు. ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. తెలంగాణలో రైతుబంధు ఎకరాల లెక్కన పట్టాదారు ఖాతాలో పడేది, దున్నే కౌలు రైతుకు దక్కేది కాదు. ఇక్కడ సంగతి తిరగబడుతుంది. రాంచర్లకు అందేదాంట్లో ముఖ్యమైనది ఎల్ఎఫ్‌పీ అనే కరువు సాయం. ప్రతి గురువారం వచ్చే డ్రౌట్ మానిటర్ అనే కరువు మ్యాప్‌లో మీ కౌంటీ తీవ్ర కరువులోకి వెళ్లి వారాల తరబడి అలాగే ఉండాలి, లేదా అంతకంటే పై మెట్టు కరువులోకి వెళ్లాలి. అప్పుడు నెల మేత ఖర్చులో 60 శాతం లెక్కన ఇస్తారు. అదీ అప్లై చేసినవాళ్లకే, పశువులూ మేత నష్టమూ ఎవరివో వాళ్లకే. మీ గడ్డిని పక్క రాంచర్‌కి లీజుకిచ్చారా, చెక్కు అతనిది. మీకు కౌలు మిగులుతుంది. సొంతంగా నాలుగు ఆవులున్నా వచ్చేది కంచె మరమ్మతుకు చాలదు.

చాలామంది సబ్సిడీ అనుకునేది 'ఏజీ ఎగ్జెంప్షన్'ని. అది ఆస్తుల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వ్యవహారం. ఆస్తి పన్నును మార్కెట్ ధర మీద కాకుండా మేతభూమిగా దానికుండే విలువ మీద వేస్తారు, అంతే. చేతికి ఒక్క డాలరూ రాదు. పాత ఓనర్‌కి ఉంది కదా అని ఊరుకోకండి, కొన్నవాళ్లు మళ్లీ అప్లై చేయాలి. రేపు అక్కడ ప్లాట్లు వేస్తే గత 3 ఏళ్ల తేడా పన్ను కట్టాలి. ఒక జంట ఎక్సెల్ షీట్‌లో 'సబ్సిడీ ఆదాయం' అని వరుస పెట్టుకుని, దాన్ని నమ్ముకుని లోన్ తీసుకున్నారు. ఆ వరుస చెరిపేయమన్నప్పుడు వాళ్ల టెన్షన్ చూసి జాలేసింది. మాట ఇచ్చిన బ్రోకర్ మాత్రం ఫోన్ ఎత్తడు.

అపోహ: రాంచర్లు ఊరికే తింటున్నారు.

ఈ మాట వింటే నాకు చిరాకు. 2024 ఫిబ్రవరిలో స్మోక్‌హౌస్ క్రీక్ కార్చిచ్చు టెక్సాస్ ఉత్తర కొసన ఉన్న పాన్‌హ్యాండిల్‌లో పది లక్షల ఎకరాలకు పైగా కాల్చేసింది. ఇలాంటి విపత్తుల్లో చనిపోయిన పశువులకు ఎల్ఐపీ అనే పశు నష్ట పరిహార పథకం కింద సగటు మార్కెట్ ధరలో 75 శాతం ఇస్తారు. కానీ ఎన్ని చనిపోయాయో రుజువు చూపాలి. పూడ్చేముందు ఫోటోలు తీయమని ఒక పెద్దాయనకు ఫోన్‌లో చెబుతుంటే అవతల చాలాసేపు మాట లేదు. ఆయన ఆవులకు పేర్లు పెట్టుకున్న మనిషి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఈ డబ్బుకు పన్ను ఉండదన్నది అబద్ధం, ట్యాక్స్ రిటర్న్‌లో వ్యవసాయ ఆదాయం చూపే షెడ్యూల్ ఎఫ్‌లో ఆదాయంగా చూపాల్సిందే. కంచెకో నీటి తొట్టికో ఈక్విప్ అనే వ్యవసాయ శాఖ పథకం కింద సాయం కావాలంటే కాంట్రాక్టు ఆమోదం అయ్యాకే పని మొదలుపెట్టండి. ముందే గుంతలు తవ్వితే మామూలుగా ఆ ఖర్చు మీదే.

"మాకు సబ్సిడీ వద్దు, వ్యవసాయ శాఖతో మాకేం పని?" అనే హెచ్‌1బీ వాళ్లకు ఒక మాట. గ్రీన్‌కార్డు లేకుండా పదెకరాలు దాటిన వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లో వ్యవసాయ శాఖలోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీకి (ఎఫ్ఎస్ఏ) ఆ కొనుగోలు వివరాలతో ఎఫ్ఎస్ఏ-153 ఫారం ఇవ్వాలి. 1978 నాటి చట్టం ఇది. ఇవ్వకపోతే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా వెళ్లొచ్చు. నలుగురు కలిసి ఎల్ఎల్‌సీ కంపెనీ పెట్టి దాని పేరు మీద కొన్నా ఇది వర్తించే అవకాశం ఉంది కాబట్టి, రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే కౌంటీ ఎఫ్ఎస్ఏ ఆఫీసుకు ఫోన్ చేయండి.