ఆరు తలుపులు, తెరుచుకునేది ఒక్కటే

పిల్లలూ,

మొన్న పాత వీధిలో నడుస్తుంటే మీలో చిన్నది ఒక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, ఈ సూపర్‌మార్కెట్‌కి ఆరు తలుపులున్నాయి కదా, మరి అందరూ ఒక్కదాంట్లోంచే వెళ్తారేంటి?" అని. నేను మాట దాటేశాను. నిజం చెప్పొద్దూ, అన్నేళ్లు ఆ దారిన తిరిగినవాణ్ని, ఒక్కసారి కూడా ఆ తలుపులు లెక్కపెట్టలేదు.

ఇంటికొచ్చి ఆలోచిస్తే నాకు నోట్లోని పళ్ల వరస గుర్తొచ్చింది. చాలా దేశాల్లో పాత బజారు వీధులు చూడండి, ఇరుకైన ఇళ్లు భుజం భుజం ఆనించుకుని పళ్లలాగే నిలబడి ఉంటాయి. ముందు వెడల్పు కొంచెమే, వెనక్కి మాత్రం చాలా పొడుగు. అమ్ముకునేవాడికి వీధి మొహమే బంగారం కాబట్టి ప్రతివాడికీ అందులో ఓ ముక్క కావాలి, అందుకని ముందు ఇరుకు, కావలసిన చోటంతా వెనక. ఇంగ్లండ్‌లో వందల ఏళ్ల కిందట గీసిన అలాంటి స్థలాల గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. కాన్జెన్ అనే భూగోళ శాస్త్రవేత్త ఆనిక్ అనే ఊరి పటాలను పట్టి పట్టి చూసి 1960లో ఒక పుస్తకం అచ్చువేయించాడు. ఇల్లు కూలొచ్చు, మళ్లీ కట్టొచ్చు, అందులో జరిగే పని ఇంకా తొందరగా మారిపోవచ్చు, కానీ స్థలానికీ స్థలానికీ మధ్య ఉన్న గీత మాత్రం అన్నిటికంటే మొండిదని ఆయన చూపించాడు. అంటే పన్ను అరిగినా వేరు కదల్లేదన్నమాట.

సూపర్‌మార్కెట్ వచ్చి కదిపేది సరిగ్గా ఆ వేరునే.

దానికి ఎందుకంత చోటు కావాలంటే, ఒకదాని వెనక ఒకటి జరిగాయి. ఒకప్పుడు కొనేవాళ్లు కౌంటరు బయట నిలబడి అడిగితే, లోపలి మనిషి తీసిచ్చేవాడు. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన, జనమే లోపలికొచ్చి తమ చేత్తో తీసుకునే షాపు తెరిచాడు. ఇక అరల మధ్య నడవడానికి దారి కావాలి కదా! 1937లో ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ చక్రాల బండి తెచ్చాడు, చేతిబుట్ట పట్టేదానికంటే ఎక్కువ కొనడం మొదలైంది. అంత బరువు చేత్తో మోసుకుని ఇంటికి నడవలేరు, కాబట్టి కారు. కారుకి పార్కింగ్. 1963లో పారిస్ దగ్గర కార్ఫూర్ అనే కంపెనీ వాళ్లు తెరిచిన మొదటి హైపర్‌మార్కెట్‌కి, అంటే మరీ పెద్ద సూపర్‌మార్కెట్‌కి, 400 కార్లు నిలిపే జాగా ఉంది. పాత వీధి మొత్తం ఊడ్చినా 400 కార్లకి చోటు ఎక్కడ దొరుకుతుంది?

కాబట్టి ఊరి బయటికి పోవాలి, లేదా వీధిలోనే నాలుగైదు ఇళ్లు కొని కలిపేసుకోవాలి. మనం చూసింది ఈ రెండోది. పాతకాలపు కట్టడాలకి చట్టం కాపలా ఉన్నచోట ముందు గోడ పడగొట్టనివ్వరు. గోడ ఉంచి వెనకదంతా తీసేసి, ఇంటికీ ఇంటికీ మధ్య గోడలు లేకుండా ఒకే పెద్ద హాలు కడతారు. చిన్నమ్మా, నువ్వు చూసిన ఆ ఐదు తలుపులు కట్టుడు పళ్లు. నవ్వితే బాగుంటాయి, కింద వేరు ఉండదు.

పళ్లంటే గుర్తొచ్చింది. పన్నెండేళ్లప్పుడు నాకు ఒక దవడ పన్ను పీకేశారు. పోతే పోయింది, ఇంకా ఇన్ని ఉన్నాయిగా అని నేను మా స్నేహితులందరికీ నోరు తెరిచి మరీ చూపించాను. పెద్దయ్యాక డాక్టరు అద్దం పెట్టి చూపిస్తే, పక్క పన్ను ఖాళీలోకి ఒరిగిపోయింది, పైదేమో కొరకడానికి ఎదురు లేక కిందికి దిగిపోయింది. వీధిలోనూ అంతే. ఒక పని మీద వచ్చినవాడు దారిలో కనపడిన ఇంకో రెండు గుమ్మాలు తొక్కేవాడు. అతను కారు దిగి ఒకే తలుపులో దూరి అటునుంచి అటే వెళ్లిపోతే, ఏ తప్పూ చేయని ఎదురింటి కొట్టు కూడా డీలా పడుతుంది.

ఊరి బయటి షాపుల సంగతికొస్తే నా పోలిక పాలపన్నులా ఊగుతోంది, నోట్లో లేని పన్నుని ఏమనాలి! వాటికి పగ్గం వేయాలని ఫ్రాన్స్ 1973లో చట్టం చేసింది. బ్రిటన్ 1996లో, ముందు ఊరి నడుమ చోటు వెతికి అక్కడ లేకపోతేనే బయటికి పొమ్మని ప్రభుత్వ నియమాల్లో రాసింది. ఆ నియమాలు వచ్చేసరికే చాలా ఊళ్ల వీధుల్లో కొట్లు మూతపడ్డాయి.

అలాగని సూపర్‌మార్కెట్‌ని తిట్టుకుంటూ కూర్చోకండి. కౌంటరు ముందు నిలబడి అందరి ఎదుటా ధర అడిగి, వద్దులెండి అనాల్సిరావడం చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లకి ఎంత మొహమాటమో మీకు తెలియదు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకి మూడు మెట్ల పాత గుమ్మం కంటే ఆ చదును నేల నయం. కొత్తది ఎదురైతే తిట్టేముందు, అది ఎవరికి పనికొస్తోందో చూడడం నేర్చుకోండి. నాకు బాధ కలిగించేది షాపు కాదు, ఆ తుడిచేసిన గీతలే. ఆరు స్థలాలు ఆరుగురివి అయినప్పుడు ఒకడు మూసేస్తే ఇంకొకడు తెరుస్తాడు. అంతా ఒక్కటైపోయాక ఆ ఒక్కరూ వెళ్లిపోతే ఏమవుతుందో చెప్పండి.

మిగతాది నేను చెప్పలేను, మీరే చూడాలి. ఈసారి సాయంత్రం చీకటిపడే వేళ వెళ్లండి. షాపు అద్దాలకేసి కాదు, తల బాగా ఎత్తి పైకప్పుల వరస చూడండి. ఎత్తు ఎక్కడ మారుతుందో అక్కడ పాత గీత ఒకటి ఉండేదేమో అనుకోవచ్చు. తర్వాత పైఅంతస్తు కిటికీలు లెక్కపెట్టండి, ఏ కిటికీలో దీపం వెలిగిందో, ఏ కిటికీ వెనక అసలు గదే లేదో. చిన్నదాని లెక్క, పెద్దవాళ్ల లెక్క వేరువేరుగా నాకు రాసి పంపండి.

మీ తాతయ్య