పుంజా, పెట్టా? ఆరు వారాలకే తీర్పు చెప్పకండి

నా దగ్గర కోడిపిల్లలు తీసుకెళ్లినవాళ్లు నెలన్నర కాగానే ఫోటో పంపి, "ఇది పుంజే కదా, ఎవరికైనా ఇచ్చేయమంటారా?" అని అడుగుతుంటారు. అడిగేవాళ్లు నయం. ముందే ఇచ్చేసి, మిగిలినవి కూయడం మొదలుపెట్టాక ఫోన్ చేసేవాళ్లున్నారు.

అపోహ: తురాయి పెద్దదై, మీదికొచ్చి పొడిస్తే పుంజే.

వాస్తవం: తురాయి సైజు జాతిని బట్టి ఉంటుంది. లెగ్‌హార్న్ పెట్టకు పెద్ద తురాయే, ఒక పక్కకు వాలిపోతుంది కూడా. ఒకే జాతి, ఒకే ఈడు పిల్లల్లో ఒకదాని తురాయి ముందే ఎర్రబడితే అనుమానించండి, అంతే. ఇక ఎదురెదురు నిలబడి రొమ్ము విరవడం పెట్టపిల్లలూ చేస్తాయి. మందలో ఎవరు పెద్దో తేల్చుకునే గొడవ అది.

నమ్మాల్సింది ఈకల్ని. మూడు నెలలు దాటాక నడుము మీద, తోక మొదట్లో చూడండి. పుంజుకు అక్కడ సన్నగా, పొడుగ్గా, మొనదేలిన ఈకలు పక్కలకు జారుతుంటాయి. పెట్టకు ఈకల కొసలు గుండ్రంగా ఉంటాయి. తోకలో కొడవలిలా వంగిన ఈకలొస్తే ఇక సందేహం అక్కర్లేదు. (సెబ్రైట్ అనే జాతి పుంజుకు మాత్రం పెట్ట ఈకలే ఉంటాయి. దాని తలనొప్పి వేరు.)

ఒకావిడ అన్నింటికన్నా దూకుడుగా ఉన్న పిల్లను ఇచ్చేసి, బుద్ధిగా ఉందని మరోదాన్ని ఉంచుకున్నారు. ఇచ్చేసింది గుడ్లు పెట్టింది, ఉంచుకున్నది కూసింది. పాపం, గుడ్ల కోసమే పెంచుకున్నారావిడ.

మొనదేలిన గుడ్డులో పుంజు ఉంటుందనే మాట ఎన్నిసార్లు విన్నానో! పుంజా పెట్టా అన్నది పెంకు కట్టకముందే, తల్లి ఇచ్చే క్రోమోజోమ్‌తో తేలిపోతుంది. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, కానీ వాటిని పొదిగితే పిల్లలు రావు. గుడ్డులో రక్తపు చుక్క కనిపిస్తే అది పుంజు పని కాదు.

పెట్ట కూసిందని టెన్షన్ పడకండి. పుంజు లేని మందలో పెత్తనం చేసే పెట్ట ఒక్కోసారి కూస్తుంది. గుడ్లు ఆగిపోయి, పుంజు ఈకలు కూడా వస్తుంటే అండాశయం దెబ్బతిని ఉండొచ్చు, డాక్టరుకు చూపించండి.

మీద పడే పుంజును కర్రతో కొడితే దారికొస్తుందనుకోవద్దు. మిమ్మల్ని పోటీ పుంజు అనుకుని ఇంకా రెచ్చిపోతుంది. పరుగెత్తకండి, నిదానంగా మీ పని చూసుకోండి. చిన్నపిల్లల్ని మాత్రం దాని దగ్గర ఒంటరిగా వదలొద్దు. రెక్క దించి పెట్ట చుట్టూ పక్కడుగులు వేయడం దాడి కాదు, సరసం. పెట్టల వీపు మీద ఈకలు ఊడుతుంటే పుంజులు ఎక్కువయ్యాయేమో చూడండి. ఒక పుంజుకు ఎనిమిది, పది పెట్టలు ఉండాలి.