న్యూపోర్ట్ ఒడ్డు ఎవరిది? చిక్కుముడి పడింది 1982లో

అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో సముద్రపు ఒడ్డు ఎవరిదన్న గొడవ మళ్లీ రాజుకుంది. 2023లో వచ్చిన తీర చట్టం తమ స్థలాన్ని లాక్కుంటోందని ఒడ్డున ఆస్తులున్నవాళ్లు కోర్టుకెక్కారు. ఈ మాట రాగానే అందరి చూపూ ఆ రాష్ట్రంలోనే ఉన్న న్యూపోర్ట్ ఊరి మీదికి పోతుంది. 70 గదుల బ్రేకర్స్ మేడ, పాలరాయితో కట్టిన మార్బుల్ హౌస్, వాటిని కట్టించిన వాండర్‌బిల్టుల సంపన్న కుటుంబ వైభవం చాలామందికి తెలిసినవే. ఈ తగువులో చూడాల్సింది ఆ మేడల్ని కాదు, వాటి వెనక సాగే సన్నటి దారిని.

దాని పేరు క్లిఫ్ వాక్. పొడవు సుమారు 5.6 కిలోమీటర్లు. ఒక పక్క కొండచరియ కింద అట్లాంటిక్ సముద్రం, ఇంకో పక్క కోటీశ్వరుల పెరటి పచ్చిక. చాలాచోట్ల నేల వాళ్లదే, దాని మీద నడిచే హక్కు మాత్రం జనానిది. కొందరు యజమానులు గోడలు కట్టి దారి మూసేయాలని చూశారు, కుదరలేదు. మార్బుల్ హౌస్ యజమానురాలు కొండ అంచున టీ హౌస్ కట్టించుకున్నా, దారి దాని కింద సొరంగంలోంచి సాగిపోతూనే ఉంది. అంత డబ్బు, అంత పలుకుబడి కూడా ఆ దారిని ఆపలేకపోయాయి. ఎందుకంటే అక్కడ దారి కళ్లకు కనిపిస్తుంది.

కింద ఇసుక దగ్గరికొస్తే లెక్క మారిపోతుంది. తీరంలో చేపలు పట్టే హక్కు 1663లో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ రోడ్ ఐలాండ్‌కు ఇచ్చిన అధికారపత్రంలోనే ఉంది. 1843లో అమల్లోకి వచ్చిన రాష్ట్ర రాజ్యాంగమూ తీరపు హక్కులను నిలబెట్టింది. అయితే తీరం అంటే ఎక్కడిదాకా?

నా దృష్టిలో అసలు మలుపు 1982లో వచ్చింది. వెస్టర్లీ అనే ఊళ్లో ఒడ్డున నడుస్తున్న కొందరిపై అక్రమ ప్రవేశం కేసు పెట్టారు. రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది కానీ, పోతూ పోతూ హద్దు గీసింది. 18.6 ఏళ్ల పోట్ల సగటు ఎత్తు ఎక్కడ నేలను తాకుతుందో అదే గీత, దానికి అవతల ప్రైవేటు స్థలం అంది. ఆ గీత ఒడ్డున నిలబడిన మనిషికి కనపడదు, కొలవాలంటే సర్వేయరు కావాలి. చాలాసార్లు అది నీళ్ల కిందే ఉంటుంది. అంటే జనం హక్కును ఆ తీర్పు నీళ్లలోకి నెట్టేసింది.

అందుకే 1986లో రాజ్యాంగాన్ని సవరించి నాలుగు హక్కులు విడమరిచి రాశారు: ఒడ్డు నుంచి చేపలు పట్టడం, సముద్రపు నాచు ఏరుకోవడం, ఈతకు నీళ్లలో దిగడం, తీరం వెంట నడవడం. గీత జోలికి మాత్రం పోలేదు. ఫలితం 2019లో కనిపించింది. సౌత్ కింగ్‌స్టౌన్‌లో నాచు ఏరుకుంటున్న ఒకాయన్ని పోలీసులు అరెస్టు చేశారు. రాజ్యాంగంలో రాసి ఉన్న పని చేసినందుకు! తర్వాత ఆ కేసు నిలవలేదు.

2023 చట్టం ఈ చిక్కును తేల్చడానికే వచ్చింది. పోటు తెచ్చి పడేసిన నాచు, గుల్లలు ఒడ్డున ఓ వరుసగా నిలుస్తాయి. ఆ వరుస నుంచి నేల వైపు 10 అడుగుల దాకా జనం నడవొచ్చని ఆ చట్టం చెప్పింది. ఇది పసిపిల్లలకు కూడా కనిపించే గీత. పరిహారం ఇవ్వకుండా తమ స్థలంలోకి జనాన్ని రానిస్తున్నారన్నది యజమానుల వాదన.

వాళ్ల టెన్షన్‌కు ఇంకో కారణం ఉంది. 2022 మార్చిలో క్లిఫ్ వాక్‌లో ఒక ముక్క కూలి కిందికి జారిపోయింది. సముద్రం పైకొచ్చే కొద్దీ నాచు వరుస లోపలికి జరుగుతుంది, దానితోపాటే ఆ 10 అడుగులూ జరుగుతాయి.