కాల్‌లో టక్ టక్‌మంటే ఫోన్ ట్యాప్ అయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

2024లో తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు వార్తల్లోకి వచ్చినప్పటి నుంచీ నన్ను అందరూ అడిగేది ఒకటే: "కాల్‌లో టక్ టక్‌మంటోంది, నాదీ వింటున్నారా?" మా బాబాయ్ అయితే ఫోన్ పట్టుకుని ఇంటికే వచ్చేశాడు, రెండు రోజులుగా నిద్ర లేదట. చూస్తే ఇయర్‌ఫోన్ పిన్‌కి మట్టి. నవ్వొచ్చింది గానీ ఆ టెన్షన్ ఊరికే రాలేదు, ఎవరికైనా ఉంటుంది. ఆపరేటర్ దగ్గర వింటే మీకు చిన్న చప్పుడు కూడా రాదండీ, శబ్దాన్ని బట్టి ఏదీ తేలదు. ఇక వాట్సాప్‌లో తెగ తిరిగే *#21# కోడ్ చెప్పేది కాల్ ఫార్వర్డింగ్ సంగతే. ట్యాపింగ్ గురించి దానికేం తెలుసు!

అసలు కొంప ముంచే అపోహ ఇది: "నాది 5జీ ఫోన్, కాల్ ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే తాళం పడే వెళ్తుంది." వెళ్తుంది, ఆపరేటర్ నెట్‌వర్క్ దాకా. మామూలు కాల్‌కి అక్కడ తాళం తీసేస్తారు, అవతలి ఫోన్‌కి పంపేటప్పుడు మళ్లీ వేస్తారు. కాబట్టి పలుకుబడి ఉన్నవాడు గాలిలో సిగ్నల్‌తో కుస్తీ పట్టక్కర్లేదు, నెట్‌వర్క్ లోపల చోటు దొరికితే చాలు. గాలిలోనే పట్టాలన్నా దారి ఉంది. 2జీలో ఫోన్ తానెవరో టవర్‌కి రుజువు చేసుకోవాలి, టవర్ మాత్రం ఏమీ చూపించక్కర్లేదు. అందుకే దొంగ టవర్ పెట్టి, మీ ఫోన్‌ను 2జీకి దింపి వింటారు. 2జీ వాడే ఏ5/1 అనే సైఫర్‌ను (కాల్‌కి తాళం వేసే పద్ధతిని) ఛేదించే, ముందే లెక్కగట్టిన టేబుల్స్ 2009లోనే బయటికొచ్చాయి. 3జీ నుంచి నెట్‌వర్క్ కూడా రుజువు చూపాలి నిజమే, కానీ ఫోన్ కిందికి దిగడానికి ఒప్పుకున్నాక ఆ కట్టుదిట్టం దేనికి?

ఆండ్రాయిడ్ 12 నుంచి చాలా ఫోన్లలో, సిమ్ సెట్టింగ్స్‌లో, 2జీ ఆపేసే స్విచ్ ఉంటుంది. ఆపేయండి. జియోకి 2జీయే లేదు కాబట్టి ఆ సిమ్ వాళ్లకు పోయేదేమీ లేదు, మిగతావాళ్లు 4జీ అందని ఊళ్లకెళ్తే మళ్లీ ఆన్ చేసుకోవాలి. దాచాల్సిన మాటైతే సిగ్నల్ యాప్‌లోనో వాట్సాప్‌లోనో కాల్ చేయండి, వాటి తాళంచెవులు రెండు ఫోన్లలోనే ఉంటాయి. ఎవరితో ఎంతసేపు మాట్లాడారన్నది మాత్రం పూర్తిగా దాగదు. పెగాసస్ లాంటి గూఢచారి సాఫ్ట్‌వేర్ ఫోన్‌లోకే దూరితే ఇవేవీ ఆపలేవు, అయితే అది ఖరీదైన పని, దారిన పోయే ప్రతివాడి మీదా వాడరు.

ఇక ఇంటి వైఫై సంగతి. దాని పేరు హైడ్ చేస్తే సేఫా? కాదు, ఆ పేరును మీ ఫోనే పిలుస్తూ తిరుగుతుంది. పాస్‌వర్డ్‌గా మొబైల్ నంబరు? మన నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి, అంటే మొత్తం 400 కోట్లు. మీరు కనెక్ట్ అయ్యేటప్పుడు డబ్ల్యూపీఏ2 హ్యాండ్‌షేక్ (పాస్‌వర్డ్ సరిచూసుకోవడానికి ఫోన్, రౌటర్ మార్చుకునే సందేశాలు) ఒక్కసారి పట్టుకుంటే, ఆ నంబర్లన్నీ వేసి చూడటం మంచి గ్రాఫిక్స్ కార్డుకు గంటా రెండు గంటల పని. బాబాయ్‌ని అడిగితే, వాళ్లింట్లో పిన్ని నంబరేనట.