దానంగా వచ్చిన పాత కంప్యూటర్: ఫార్మాట్ గురించిన అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో పదిహేనేళ్లుగా కంప్యూటర్ల మరమ్మతు నా వృత్తి. బెంగళూరు దగ్గరగా ఉండడం వల్ల, అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మన జిల్లా యువకులు తమ కార్యాలయాల్లో పక్కన పెట్టేసిన కంప్యూటర్లను అడిగి తెచ్చి, తాము చదివిన బడికో, ఊరి గ్రంథాలయానికో ఇవ్వడం ఈ మధ్య బాగా కనిపిస్తోంది. అలా వచ్చినవాటిలో కొన్ని నా బల్ల మీదికి వస్తాయి. వాటితోపాటు "ఫార్మాట్ కొట్టి విండోస్ వేసివ్వండి సార్, అరగంట పని" అనే మాట కూడా వస్తుంది. ఆ మాటలో రెండు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. పాత సమాచారాన్ని పూర్తిగా చెరపడం కంప్యూటర్ ఇచ్చినవారి పట్ల మన బాధ్యత. సరైన ఓఎస్ (విండోస్, లైనక్స్ లాంటి, కంప్యూటర్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్) ఎక్కించడం దాన్ని వాడబోయే పిల్లల పట్ల మన బాధ్యత. రెండో పని చేస్తే మొదటిది దానంతట అదే అయిపోతుందనుకోవడం నుంచే చాలా అపోహలు పుడుతున్నాయి.

అపోహ: ఫార్మాట్ కొడితే పాతదంతా పోతుంది.

వాస్తవం: మామూలుగా కొట్టే క్విక్ ఫార్మాట్‌లో పోయేది చిట్టా మాత్రమే. ఏ ఫైలు డిస్క్‌లో ఎక్కడ ఉందో చెప్పే పట్టికను కంప్యూటర్ కొత్తగా రాసుకుంటుంది, అసలు సమాచారం జోలికి పోదు. అడంగల్‌లో ఒక పేజీ చింపేసినంత మాత్రాన చేలోని శనక్కాయ పంట మాయం కాదు కదా, ఇదీ అంతే. ఆ చోటు మీద కొత్త సమాచారం పడేవరకు పాతది అక్కడే ఉంటుంది. కొత్తగా వేసిన విండోస్ ఇరవై ముప్పై జీబీలను కప్పితే, 500 జీబీ డిస్క్‌లో మిగిలిన భాగమంతా ఎప్పటిలాగే ఉండిపోతుంది.

రెండేళ్ల కిందట ధర్మవరం వైపు ఒక పల్లె బడికి ఆరు కంప్యూటర్లు వచ్చాయి. అన్నీ ఫార్మాట్ చేసే పంపామని ఇచ్చినవారు చెప్పారు. నాకు నమ్మకం కుదరక, వారి అనుమతి తీసుకుని, ఒక డిస్క్‌ను ఫొటోరెక్ అనే ఉచిత సాధనంతో పరిశీలించాను. జీతం చీటీలు, స్కాన్ చేసిన ఆధార్ కార్డులు, ఎవరి ఇంట్లోనో జరిగిన నామకరణం ఫొటోలు వరుసగా బయటికి వచ్చాయి. వెంటనే ఆపేసి, ఇచ్చినవారికి ఫోన్ చేసి చెప్పి, ఆరు డిస్కులనూ పూర్తిగా చెరిపాను. ఆ యంత్రాలు అలాగే పిల్లల చేతికి వెళ్లి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన నన్ను చాలా రోజులు వదల్లేదు. అప్పటి నుంచి, ఎవరు ఎంత గట్టిగా చెప్పినా, చెరిపే పని నేను మళ్లీ చేయకుండా ఏ యంత్రాన్నీ బయటికి పంపడం లేదు.

విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఫుల్ ఫార్మాట్ కూడా చెడిపోయిన సెక్టార్లను (డిస్క్‌లోని చిన్నచిన్న గడులను) వెతికేదే తప్ప, పాత సమాచారాన్ని చెరిపేది కాదు. దాని తర్వాత వచ్చిన విస్టా నుంచి మాత్రమే ఫుల్ ఫార్మాట్ డిస్క్ అంతటా సున్నాలు రాస్తోంది. విండోస్‌తోపాటు వచ్చే డిస్క్‌పార్ట్ అనే సాధనం వాడేవారు "క్లీన్" ఆజ్ఞకూ "క్లీన్ ఆల్" ఆజ్ఞకూ ఉన్న తేడాను గుర్తుంచుకోవాలి. మొదటిది పార్టిషన్ల (డిస్క్‌ను విభజించిన భాగాల) వివరాలను తీసేసి ఊరుకుంటుంది, రెండోది ప్రతి సెక్టార్‌నూ సున్నాలతో నింపుతుంది. ఆ ఆజ్ఞ ఇచ్చే ముందు, చెరపాల్సిన డిస్క్ తప్ప మిగిలిన డిస్కుల తీగలన్నీ ఊడదీసి పెట్టుకోవాలని నా దగ్గర పని నేర్చుకునే కుర్రవాళ్లకు పదేపదే చెబుతుంటాను, ఎందుకంటే డిస్క్‌ను ఎంచుకునే అంకె ఒక్కటి తప్పు కొడితే పోయేది వేరొకరి డిస్క్, దాన్ని తిరిగి తెచ్చే దారి లేదు.

అపోహ: పూర్తిగా పోవాలంటే 35 సార్లు చెరపాలి.

వాస్తవం: ఈ అంకె 1996లో పీటర్ గుట్‌మన్ అనే పరిశోధకుడు రాసిన పత్రం నుంచి వచ్చింది. ఆనాటి రకరకాల డిస్కులు సమాచారాన్ని నమోదు చేసుకునే పద్ధతులన్నిటినీ దృష్టిలో పెట్టుకుని కూర్చిన వరుస అది, ఏ ఒక్క డిస్క్‌కూ అది మొత్తంగా అవసరం లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, తిరిగే హార్డ్‌డిస్క్‌కు ఒక్కసారి పూర్తిగా సున్నాలు రాస్తే సాధారణంగా సరిపోతుంది. 500 జీబీ డిస్క్‌కు ఆ ఒక్కసారికే గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. అదే డిస్క్‌ను యూఎస్‌బీ 2.0 తీగతో బయటి నుంచి తగిలిస్తే పూట గడిచిపోతుంది. అరగంట పని కాదని నేను చెప్పేది ఇందుకే.

తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో సమాచారం దాచుకునే ఎస్‌ఎస్‌డీ సంగతి వేరు. అందులోని కంట్రోలర్ అనే నియంత్రణ చిప్ అరుగుదల ఒకేచోట పడకుండా రాతలను అన్ని గదులకూ పంచుతుంది, కొన్ని గదులను మన కంటికి కనపడకుండా అదనంగా దాచుకుంటుంది. అందువల్ల పైనుంచి సున్నాలు రాసినా అన్ని గదులకూ చేరతాయన్న హామీ లేదు. దానికి తయారీదారు ఇచ్చే సాధనంతోగాని, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే, మదర్‌బోర్డు మీది ప్రోగ్రాంలో) ఉంటే అక్కడి నుంచిగాని, డిస్క్ తనను తానే చెరుపుకునే సెక్యూర్ ఎరేజ్ ఆజ్ఞ ఇవ్వాలి. చాలామంది వాడే డీబ్యాన్ అనే చెరిపే సాధనం హార్డ్‌డిస్కుల కోసం తయారైనది, ఎస్‌ఎస్‌డీకి దాన్ని నమ్ముకోకూడదు.

అపోహ: మధ్యలో కరెంటు పోతే కంప్యూటర్ పాడైపోతుంది.

వాస్తవం: చెరిపేటప్పుడుగాని, ఓఎస్ ఎక్కించేటప్పుడుగాని కరెంటు పోతే, సాధారణంగా పనిని మొదటి నుంచి మళ్లీ చేయవలసి వస్తుంది, అంతే. నిజంగా భయపడవలసింది బయోస్ అప్‌డేట్ సమయంలో. అప్పుడు కరెంటు పోతే మదర్‌బోర్డే పనికిరాకుండా పోవచ్చు. యూపీఎస్ లేని చోట నేను ఆ పనికి పూనుకోను.

అపోహ: వచ్చిన కంప్యూటర్‌లో విండోస్ ఉంది కాబట్టి లైసెన్సూ మనదే.

వాస్తవం: ఇది యంత్రం ఎక్కడి నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇళ్ల నుంచి వచ్చే విండోస్ 7 నాటి యంత్రాల డబ్బా మీద లైసెన్సు స్టిక్కర్ ఉంటుంది. విండోస్ 8 నుంచి యంత్రంతోపాటు వచ్చే లైసెన్సు కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే (అందులో స్థిరంగా ఉండే ప్రోగ్రాంలోనే) ఉంటుంది కాబట్టి, అదే ఎడిషన్ (హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో) మళ్లీ వేస్తే అడగకుండానే యాక్టివేట్ అవుతుంది. పెద్ద కార్యాలయాలు మాత్రం తరచుగా వాల్యూమ్ లైసెన్సు (చాలా యంత్రాలకు కలిపి తీసుకునేది) వాడతాయి. అది ఆ సంస్థకు చెందినది, యంత్రంతో రాదు. వారి సర్వర్‌ను పలకరించి యాక్టివేట్ అయ్యే పద్ధతిలో దాని గడువు 180 రోజులు, ఆ గడువు లోపల మళ్లీ సర్వర్‌ను చేరుకోలేకపోతే హెచ్చరికలు మొదలవుతాయి. బడిలో పెట్టిన ఆరు నెలలకు తెర మీద ఆ సందేశం చూసి, వైరస్ వచ్చిందని కంగారుపడి నాకు ఫోన్ చేసిన ఉపాధ్యాయులు ఉన్నారు. ఆ సమయంలో ఎవరో ఒకరు క్రాక్ (లైసెన్సు లేకుండా నడిపించే దొంగ ప్రోగ్రాం) వేసిస్తామని ముందుకు వస్తారు. ఆ క్రాక్ లోపల ఏముందో వేసేవారికీ తెలియదు. పిల్లలు కూర్చునే యంత్రంలో దాన్ని వేయడానికి నేను ఒప్పుకోను.

దీనికి తోడు, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది కావాలి. దానంగా వచ్చేవాటిలో ఎక్కువ భాగం అంతకంటే పాతవి. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించవచ్చు, కానీ అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తూనే ఉంటాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వడం లేదు. అందుకని వాటిలో లైనక్స్ మింట్ అనే ఉచిత ఓఎస్‌లో తేలికైన రకమైన ఎక్స్‌ఎఫ్‌సీఈ వేస్తున్నాను. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 జీబీ ఉంటే హాయిగా పనిచేస్తుంది. మింట్ 22కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. 32 బిట్ ప్రాసెసర్ ఉన్న మరీ పాత యంత్రాలకు దారులు మూసుకుపోతున్నాయి. 2025లో వచ్చిన డెబియన్ 13 అనే మరో లైనక్స్ సైతం వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వలేదు.

లైనక్స్‌లో తెలుగు రాదన్నది మరొక మాట. భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులో ముందే ఉంటుంది, సెట్టింగ్స్‌లో చేర్చుకోవడమే తరువాయి.

అపోహ: ఓఎస్ మళ్లీ కొడితే పాత కంప్యూటర్ కొత్తదానిలా పరిగెడుతుంది.

వాస్తవం: అనవసరమైన ప్రోగ్రాములు పేరుకుపోవడమే కారణమైతే తేడా కనిపిస్తుంది. డిస్కే అరిగిపోయి ఉంటే ఎన్నిసార్లు కొట్టినా నెల తిరగకముందే మొదటికి వస్తుంది. కాబట్టి చెరపడానికి ముందే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాధనంతో స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే లెక్కలు) చూస్తాను. రీఅలొకేటెడ్ (చెడిపోయి వేరే చోటికి మార్చిన), పెండింగ్ (చెడినట్టు అనుమానమున్న) సెక్టార్ల అంకెలు పెరుగుతూ ఉంటే ఆ డిస్క్‌ను పక్కన పెట్టి, చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి కొనమని చెబుతాను. పాత యంత్రం మీద ఖర్చుపెట్టే మొదటి రూపాయి అక్కడ పెట్టడమే మేలని నా అనుభవం. మన ఎండలకూ దుమ్ముకూ ఫ్యాన్ మూసుకుపోయి, ప్రాసెసర్ వేడెక్కి నెమ్మదించడం కూడా తరచుగా చూస్తాను. బ్రష్‌తో దులిపి, ప్రాసెసర్ వేడిని బయటికి పంపడానికి పూసే థర్మల్ పేస్టు మార్చితే అది కుదుటపడుతుంది. తేదీ ప్రతిసారీ వెనక్కి పోతూ, వెబ్‌సైట్లు సురక్షితం కావని చూపిస్తుంటే, మార్చవలసింది మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ. ఓఎస్‌కు దానితో సంబంధం లేదు.

చివరిగా, ఇచ్చేవారు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. ఓఎస్ మార్చితే తాళాలన్నీ పోతాయని చాలామంది అనుకుంటారు. బయోస్ పాస్‌వర్డ్ హార్డ్‌డిస్క్‌లో ఉండదు కాబట్టి ఎన్ని ఫార్మాట్లు కొట్టినా అది పోదు. కార్యాలయ యంత్రాలను దూరం నుంచి సిద్ధం చేసే మైక్రోసాఫ్ట్ సేవ ఆటోపైలట్‌లో సంస్థ నమోదు చేసిన ల్యాప్‌టాప్ అయితే, విండోస్ కొత్తగా వేసి ఇంటర్నెట్‌కు కలిపిన వెంటనే ఆ సంస్థ ఖాతానే అడుగుతుంది. ఒక ల్యాప్‌టాప్ ఇదే కారణంతో నా దగ్గర ఐదు నెలలు మూలన పడి ఉంది. ఆ నమోదును తీసివేయగలిగేది ఆ కార్యాలయం ఐటీ విభాగమే. అందువల్ల యంత్రాన్ని బస్సు ఎక్కించే ముందే బయోస్ పాస్‌వర్డ్ తీసేయించండి, నమోదు తొలగించామని ఐటీ వారి నుంచి ఒక మెయిల్ తీసుకోండి, ఛార్జర్‌ను కూడా అదే పెట్టెలో పెట్టి పంపండి.